ప్లాస్టిక్ విమానం కట్టి పోటీలో పెట్టాలంటే: నెల్లూరు, ఒంగోలు వాళ్ల కోసం

పోటీలో స్కేల్ మోడల్ (అసలు విమానాన్ని లెక్క ప్రకారం చిన్నది చేసి కట్టిన బొమ్మ) చూసే జడ్జి ముందు అందం వెతకడు, తప్పు వెతుకుతాడు. చేతిలో చిన్న టార్చి పట్టుకుని రెక్క ఒంట్లో కలిసే చోట, ముక్కు కింద, తోక మొదట్లో వెలుతురు పారిస్తాడు. అతుకు కనిపించిందంటే ఆ మోడల్ పక్కకు పోయినట్టే. కాక్‌పిట్‌లో మీరు రాత్రిళ్లు కూర్చుని గీసిన మీటర్లను ఆయన అప్పటికి చూసి కూడా ఉండడు. అందుకే డబ్బయినా ఓపికయినా ముందు నాలుగింటి మీద పెట్టండి: అతుకులు, అమరిక, గాజు (కాక్‌పిట్ మీది పారదర్శక మూత), డెకాళ్లు (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తుల స్టిక్కర్లు). ఇవి కుదిరాక మిగిలితే అలంకారాలు.

ఇక్కడ చెప్పేది బల్ల మీద పెట్టుకునే ప్లాస్టిక్ కిట్ల సంగతి. రిమోట్‌తో ఎగిరేవి వేరే విద్య.

ఏ కిట్ కొనాలి

స్కేల్ అంటే భాగహారమే. మిగ్-21 రెక్కల చివర నుంచి చివరకు 7.15 మీటర్లు. 1/72లో అది 99 మిల్లీమీటర్లు, 1/48లో 149, 1/32లో 223. అదే లెక్క తిప్పి చూస్తే, 1/72లో మీరు వదిలేసిన అర మిల్లీమీటరు మెట్టు అసలు విమానం మీద 36 మిల్లీమీటర్ల మెట్టు. జడ్జి కంటికి అది ఎందుకంత పెద్దగా కనిపిస్తుందో ఇక విడిగా చెప్పక్కర్లేదు.

మొదటి పోటీకి 1/72 గానీ 1/48 గానీ, ఒకే ఇంజను ఉన్న జెట్టు తీసుకోండి. రెండు వరసల రెక్కలున్న పాత విమానాలకు తీగలు లాగాలి. ప్రయాణికుల విమానాలకు తళతళలాడే తెల్లరంగు కావాలి, దాని మీద దుమ్ము కణం కూడా దాగదు. లోహపు రంగులో ఉండేవి ఇంకా కష్టం. వెండి రంగు కింద వెంట్రుక మందం గీత ఉన్నా మెరిసి మరీ కనబడుతుంది. రెండు మూడు రంగుల కామఫ్లాజ్ (శత్రువు కంటపడకుండా వేసే మచ్చల రంగు) ఉన్న విమానమైతే చిన్నాచితకా లోపాలు కొంత సర్దుకుంటాయి.

మన వాయుసేన విమానమే కట్టాలనుకునేవాళ్లు పెట్టె మీద బొమ్మ చూసి మోసపోవద్దు. నాట్ (మన వాయుసేన పాత చిన్న జెట్టు) అనగానే ఎయిర్‌ఫిక్స్ కంపెనీ వారి ఎర్రటి రెడ్ యారోస్ (బ్రిటిష్ విన్యాసాల దళం) పెట్టె కనబడుతుంది. అది బ్రిటిష్ వాళ్ల రెండు సీట్ల శిక్షణ విమానం, రెక్క కూడా పెద్దది. 1965 యుద్ధంలో మనవాళ్లు నడిపింది ఒక్క సీటు ఫైటర్. దానికి స్పెషల్ హాబీ వారి 1/72 కిట్ ఉంది, నాట్‌ను మెరుగుపరిచి మనం చేసుకున్న అజీత్ కూడా వాళ్లు తెచ్చారు. మిగ్-21తో చిక్కు ఇంకోరకం. 1963లో వచ్చిన విమానం 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకుంది, ఈలోపు ఎన్నో రకాలు మారింది. ఎఫ్‌ఎల్ రకానికి ఒంట్లో ఫిరంగి లేదు, కావాలంటే పొట్ట కింద గన్‌పాడ్ తగిలించేవారు. ఎం, బిస్ రకాలకు 23 మిల్లీమీటర్ల జంట గొట్టాల ఫిరంగి పొట్టలోనే ఉంటుంది. బిస్ వీపు ఉబ్బుగా ఉంటుంది. డెకాల్ షీటు ఒక రకానిది, కిట్ ఇంకో రకానిది అయితే తెలిసినవాడు చూసి నవ్వుకుంటాడు. కట్టబోయే విమానం నంబరుతో సహా ఒక ఫొటో ముందే సంపాదించి, పని ముగిసేదాకా కళ్లెదుట ఉంచుకోండి.

సరంజామా, అది దొరికే చోట్లు

టామియా సన్నటి జిగురు, మంచి నిప్పర్ (భాగాలు కోసే కట్టర్), 11వ నంబరు బ్లేడున్న హాబీ కత్తి, మాస్కింగ్ టేపు, మిస్టర్ సర్ఫేసర్ (సన్న సందులు పూడ్చే, ప్రైమరుగా కొట్టే పూత) 500, 1000, రంగులు, డెకాల్ ద్రవాలు. ఇవి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. ఎయిర్‌బ్రష్‌కు, అంటే గాలితో రంగు చిమ్మే చిన్న తుపాకీకి, 0.3 మిల్లీమీటర్ల నాజిల్, డబుల్ యాక్షన్ (నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు) చాలు. కంప్రెసర్‌కు మాత్రం ట్యాంకు, నీళ్లు పట్టే ఫిల్టరు రెండూ ఉండాలి. ఎందుకో రంగుల దగ్గర తెలుస్తుంది.

మిగతావి ఊళ్లోనే దొరుకుతాయి. కార్లకు రంగులు వేసే సామాన్ల షాపులో వాటర్ పేపర్ 400, 600, 1000, 2000 నంబర్లు తలా రెండు షీట్లు తెచ్చుకోండి. అక్కడే అమ్మే ఎన్‌సీ లప్పం, ఎన్‌సీ థిన్నర్ మాత్రం మోడల్ దగ్గరికి రానివ్వద్దు. ఆ థిన్నర్ ప్లాస్టిక్‌ను మెత్తబరిచి వంకర తిప్పుతుంది. రంగు తుపాకీ కడగడానికి వాడుకోవచ్చు, అంతే. మెడికల్ షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రంగు కొలవడానికి 1 మిల్లీలీటరు సిరంజీలు నాలుగు, 23 గేజీ, 30 గేజీ సూదులు ఒక్కొక్కటి. పళ్ల డాక్టర్లు వాడే కొక్కెం సూది దొరికితే ప్యానెల్ గీతలు (విమానం రేకుల అతుకుల్ని చూపే సన్న గాళ్లు) తిరిగి గీయడానికి అంతకన్నా మంచి పనిముట్టు లేదు.

చీమకుర్తి దగ్గర్లో ఉన్నవాళ్లకు ఒక సుఖం ఉంది. పాలిష్ పట్టిన గ్రానైటు ముక్క, అడుగు పొడవు అడుగు వెడల్పున్నది, కోత మిగులు కింద అడిగితే దొరుకుతుంది. ఇంట్లో చెక్క బల్ల ఎండకు, వానకు ఎంతో కొంత వంగే ఉంటుంది. గ్రానైటు వంగదు. దాని మీద వాటర్ పేపర్ తడిపి పరిస్తే కదలకుండా అతుక్కుంటుంది, రెక్క అంచు దాని మీద రుద్దితే తిన్నగా వస్తుంది. తర్వాత విమానం అమరిక చూసుకునే బల్ల కూడా అదే.

కత్తిరింపు నుంచి అతుకు దాకా

ముందు భాగాలు అతుక్కుని వచ్చే ఫ్రేములన్నీ గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు కలిపిన గోరువెచ్చని నీళ్లలో కడిగి ఆరబెట్టండి. అచ్చు నుంచి ఊడిరావడానికి ఫ్యాక్టరీలో పూసే నూనె పైన ఉంటుంది. అది పోకపోతే రంగు తర్వాత టేపుతో పాటే లేచి వస్తుంది.

భాగాన్ని ఒక్క కోతతో తీయకండి. మొదటి కోత భాగానికి 2 మిల్లీమీటర్ల దూరంలో, రెండోది దగ్గరగా. ఒక్క దెబ్బకు కోస్తే ప్లాస్టిక్ తెల్లబడి లోపలికి చిరుగుతుంది, ఆ గుంటకు మళ్లీ లప్పం పెట్టాలి. మిగిలిన మొటిమను కత్తితో చెక్కి, 600 పేపర్ కొట్టండి. చక్రాల కాళ్ల మీద, ఫిరంగి గొట్టాల మీద అచ్చు కలిసిన గీత సన్నగా ఉంటుంది. కత్తి వీపుతో గీకితే పోతుంది. చక్రాల తలుపుల లోపలి వైపు అచ్చులోంచి భాగాన్ని నెట్టే పిన్నుల గుండ్రటి గుర్తులు ఉంటాయి, వాటిని నింపకుండా వదిలేసిన మోడళ్లు బల్ల మీద లెక్కలేనన్ని కనబడతాయి. జడ్జి అద్దం పెట్టి చూసేది సరిగ్గా అక్కడే.

కాక్‌పిట్ పనిని సాగదీయకండి. సోవియట్ విమానాల కాక్‌పిట్ ఆకుపచ్చ, నీలం కలిసిన రంగులో ఉంటుంది, అది వేసి, నల్లటి వాష్ (బాగా పలచన చేసిన రంగు) పారించి, సీటు బెల్టులకు టేపు సన్నగా కోసి అతికించండి. గాజు మూత మూసి ఉంటే ఆ పైన చేసిందేదీ బయటికి కనిపించదు.

ఒంటి రెండు సగాలు మూసేముందు బరువు సంగతి చూడాలి. ముక్కు చక్రం ఉన్న జెట్టు తోక మీద కూర్చుందంటే పోటీలో నవ్వులపాలే. భాగాలన్నీ జిగురు లేకుండా టేపుతో కలిపి, పెద్ద చక్రాలు వచ్చే చోట రెండు పెన్సిళ్ల మీద పెట్టండి. ముక్కు వైపు వాలాలి. వాలకపోతే కాక్‌పిట్ ముందూ వెనకా ఖాళీల్లో బరువు పెట్టాలి. వలలకు కట్టే సీసం గుళ్లు తీరం వెంబడి ఏ వలల దుకాణంలోనైనా దొరుకుతాయి. సుత్తితో పలచగా కొట్టి కావలసిన ఆకారానికి వంచుకోవచ్చు. రెండు జాగ్రత్తలు. సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగండి, పిల్లల చేతికి ఇవ్వకండి. రెండోది, సీసాన్ని ఫెవికాల్‌తో అంటించకండి. తెల్ల జిగురుతో కలిస్తే సీసం మెల్లగా తెల్లటి పొడిగా మారి ఉబ్బుతుంది, ఏడాదో రెండేళ్లో గడిచాక మోడల్ ముక్కు లోపల్నుంచే పగులుతుంది. అరల్డైట్ వాడండి. సీసం వద్దనుకుంటే సైకిల్ షాపు బేరింగు గుళ్లు సరిపోతాయి, వాటినీ అరల్డైట్‌లోనే ముంచేయాలి. లేకపోతే ఉప్పుగాలికి తుప్పు పడతాయి.

ఇప్పుడు అసలు పని. రెండు సగాలను దగ్గరగా పట్టుకుని, మధ్య దారం పట్టేంత సందు ఉంచండి. సన్నటి జిగురు బ్రష్‌ను ఆ సందు మీద తాకిస్తే చాలు, ద్రవం గీత వెంట తనంతట తానే పారిపోతుంది. పది సెకన్లు ఆగి నొక్కండి. కరిగిన ప్లాస్టిక్ సన్నటి తాడులా గీత పొడవునా పైకి ఉబుకుతుంది. అది రావాలి, దాన్ని తుడవకండి. అతుకులో పడాల్సిన లప్పం అదే. వేలు మాత్రం గీతకు దూరంగా ఉంచాలి, లేకపోతే జిగురు వేలి కిందికి పాకి వేలిముద్ర ప్లాస్టిక్ మీద అచ్చు పడుతుంది. ఒకేసారి మొత్తం కాకుండా 3 సెంటీమీటర్ల చొప్పున ముక్కు నుంచి తోకకు పోండి. టేపు చుట్టి మర్నాటి దాకా ముట్టుకోకండి. మర్నాడు ఆ ఉబుకును కత్తితో చెక్కి 600, తర్వాత 1000 పేపర్ నీళ్లతో కొట్టండి.

అప్పటికీ సందు ఉంటే సర్ఫేసర్ 500 గీత వెంట పూయండి. లోతైన సందుకు ఫెవిక్విక్ నింపొచ్చు, కానీ గంటలోపే రుద్దేయాలి. రాత్రంతా వదిలేస్తే ప్లాస్టిక్ కన్నా గట్టిపడుతుంది, పేపర్ కొట్టినప్పుడు పక్క ప్లాస్టిక్ అరిగి ఫెవిక్విక్ గట్టులా మిగులుతుంది. టామియా లప్పం మందంగా ఒకేసారి పెట్టినా ప్రమాదమే. పైన ఆరి లోపల పచ్చిగా ఉంటుంది, రంగు వేసిన వారానికి కుంగి గీత మళ్లీ బయటపడుతుంది. పోటీ బల్ల మీద అతుకులు తేలిన మోడళ్లలో చాలావాటి కథ ఇదే. కట్టినాయన ఇంట్లో చూసినప్పుడు నున్నగానే ఉండి ఉంటుంది. పలచటి పూత, 24 గంటలు, మళ్లీ పలచటి పూత.

పేపర్ కొట్టాక ప్యానెల్ గీతలు అరిగిపోతాయి. గీత పక్కన మందపాటి లేబుల్ టేపు అంటించి, కొక్కెం సూదిని బరువు వేయకుండా నాలుగైదు సార్లు లాగండి. నొక్కి ఒక్కసారే గీస్తే సూది దారి తప్పుతుంది, తప్పిన గీతను పూడ్చడం కొత్త గీత గీయడం కన్నా పెద్ద పని.

అమరిక

రెక్కలు అంటించే రోజు గ్రానైటు బయటికి తీయండి. మిగ్-21 రెక్కలు అడ్డంగా ఉండవు, 2 డిగ్రీలు కిందికి వాలి ఉంటాయి. జిగురు వేశాక విమానాన్ని బండ మీద పెట్టి, రెండు రెక్కల చివరలు బండకు ఎంత ఎత్తులో ఉన్నాయో స్కేలుతో కొలవండి. తేడా అర మిల్లీమీటరు దాటకూడదు. తర్వాత ఒక్కో రెక్క చివర నుంచి తోక చివరకు కొలవండి, రెండు వైపులా ఒకటే రావాలి. అట్టముక్కలు కోసి రెక్కల కింద ఊతం పెట్టి రాత్రంతా వదిలేయండి. మర్నాడు ఎదురుగా కూర్చుని కంటి ఎత్తులో చూడండి: నిలువు తోక మధ్యగీత మీద ఉందా, అడ్డతోక రెక్కలకు సరిగా ఉందా. చక్రాల కాళ్లకు మామూలు మందపాటి జిగురు వాడితే సర్దుకోవడానికి పది నిమిషాలు దొరుకుతాయి. ఫెవిక్విక్ ఆ వ్యవధి ఇవ్వదు. రెక్కల కింద రెండు వైపులా బాంబులు, మిస్సైళ్లు ఉంటే అవీ ఒకే కోణంలో ఉండాలి. ఒక్క మిస్సైలు పక్కకు చూస్తోందంటే జడ్జి కాగితంలో గీత పడుతుంది.

గాజు మూత

ఫెవిక్విక్‌ను గాజు దరిదాపుల్లోకి రానివ్వద్దు. దాని ఆవిరి గాజు మీద తెల్లటి మంచులా పేరుకుంటుంది, మన ఉక్కపోతలో ఇంకా తొందరగా. గాజుకు ఫెవికాలే మేలు: ఆరితే కనబడదు, పొరపాటున అంటితే తడిబట్టతో పోతుంది. చట్రానికి టేపు అంటించి కోసేటప్పుడు కొత్త బ్లేడు వాడండి. ముందు కాక్‌పిట్ రంగు, దాని మీద బయటి రంగు కొడితే లోపల్నుంచి చూసినా చట్రం సరైన రంగులో కనబడుతుంది. ఒంటికీ గాజు చట్రానికీ మధ్య సందు ఉంటే ఫెవికాల్ పూసి, తడి దూది చుట్టిన పుల్లతో తుడవండి.

మన వాతావరణంలో రంగు

కిట్‌తో వచ్చే కాగితంలో రాసింది చల్లటి ఊళ్ల కోసం. మనకు ఏడాదిలో రెండు చెడ్డ కాలాలు. రోహిణి కార్తెలో పడమటి గాలి కొడుతున్నప్పుడు రంగు తుపాకీ నుంచి మోడల్ చేరేలోపు గాల్లోనే ఆరిపోతుంది, ఉపరితలం ఇసుక చల్లినట్టు గరుకు తేలుతుంది. నాజిల్ మొన మీద రంగు గడ్డకట్టి చుక్కలు విసురుతుంది. ఆ రోజుల్లో పొద్దున్నే ఎనిమిదిలోపు పని ముగించాలి, థిన్నర్ కొంచెం ఎక్కువ కలపాలి, రిటార్డర్ (రంగు ఆరడాన్ని నెమ్మది చేసే ద్రవం) రెండు చుక్కలు వేయాలి. రిటార్డర్ కలిపే అమ్మే లెవెలింగ్ థిన్నర్ కూడా ఉంది.

రెండోది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల కాలం. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటే లాకర్ (ఘాటు థిన్నర్‌తో కలిపే, త్వరగా ఆరే రకం) వార్నిష్ జోలికి పోకండి. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడుతుంది, గాలిలో తేమ దాని మీద వాలి పూత పాలవన్నెకు తిరుగుతుంది. తిరిగిందనుకోండి, రుద్దకండి. గాలి పొడిగా ఉన్న రోజు లెవెలింగ్ థిన్నర్‌ను ఉత్తగా, దూరం నుంచి పలచగా కొడితే పూత మళ్లీ కరిగి తేమను వదిలేస్తుంది, చాలాసార్లు తెలుపు పోతుంది. కంప్రెసర్ ట్యాంకులోనూ నీళ్లు చేరతాయి. పని మొదలుపెట్టే ముందు ట్యాంకు అడుగున మర విప్పి నీళ్లు వదలండి, ఫిల్టరు గిన్నె ఖాళీ చేయండి. లేదంటే సరిగ్గా రెక్క మధ్యలో ఉండగా ఒక నీటి చుక్క ఉమ్మేస్తుంది.

ముందు సర్ఫేసర్ 1000 ప్రైమరు. ఇది రంగుకు పట్టు ఇవ్వడానికే అనుకోకండి, తప్పులు చూపించేది ఇదే. ఒకే బూడిద రంగు కింద ప్రతి గీతా, ప్రతి గుంటా బయటపడుతుంది. కనబడినవన్నీ సరిచేసి మళ్లీ ప్రైమరు కొట్టండి. మూడోసారి కొట్టాల్సి వచ్చినా సిగ్గుపడనక్కర్లేదు.

టామియా అక్రిలిక్ రంగు 1 పాలు, దాని థిన్నరో ఐసోప్రొపైల్ ఆల్కహాలో 1 నుంచి ఒకటిన్నర పాళ్లు. పలచటి పాలలా గిన్నె గోడ వెంట జారాలి. ఒత్తిడి 15 నుంచి 20 పీఎస్‌ఐ, దూరం 8 నుంచి 10 సెంటీమీటర్లు. వాయెహో రంగులకు ఆల్కహాల్ కలపకండి, జిగురు ముద్ద అవుతాయి. వాటికి వాటి థిన్నరే. కామఫ్లాజ్‌లో లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. టేపు తీసేటప్పుడు పైకి లాగకుండా వెనక్కి మడిచి, ఉపరితలాన్ని ఆనుకుంటూ లాగితే రంగు లేవదు.

లాకర్ కొట్టేటప్పుడు గుడ్డ మాస్కు పనికిరాదు, ఆవిరిని ఆపే కార్ట్రిడ్జి మాస్కు కావాలి. కిటికీ తీసి ఉండాలి, పక్క గదిలో గ్యాస్ పొయ్యి వెలగకూడదు.

డెకాళ్లు

డెకాల్ చుట్టూ వెండి మెరుపు కనబడటం జడ్జి రెండు అడుగుల దూరం నుంచే పట్టేసే తప్పు. మ్యాట్ (మెరుపు లేని) రంగు గరుకుగా ఉంటుంది, ఆ గరుకు సందుల్లో గాలి చిక్కుకుని మెరుస్తుంది. మందు కూడా దాంట్లోనే ఉంది: ముందు గ్లాస్ (మెరిసే) వార్నిష్ రెండు మూడు పలచటి పూతలు కొట్టి ఒక రోజు ఆరనివ్వాలి.

నీళ్ల సంగతి ఇక్కడ చాలామంది మరిచిపోతారు. బోరు నీళ్లలో ముంచితే, ముఖ్యంగా కనిగిరి, పొదిలి వైపు నీళ్లయితే, ఆరాక డెకాల్ చుట్టూ తెల్లటి మరకలు కడతాయి. వార్నిష్ కింద అవి శాశ్వతం. క్యాను నీళ్లు గానీ, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ గానీ వాడండి. పేపర్ కొట్టడానికి బోరు నీళ్లు చాలు.

డెకాల్‌ను 10, 15 సెకన్లు గోరువెచ్చని నీళ్లలో ముంచి తీసి, టిష్యూ మీద ఒక నిమిషం ఆగండి. వేలితో తోస్తే జారాలి. మోడల్ మీద మైక్రో సెట్ (డెకాల్ అంటుకునేలా చేసే ద్రవం) తడిపి, డెకాల్ జార్చి, చోటు సరిచేసి, మెత్తటి బ్రష్‌తో మధ్య నుంచి అంచులకు నీళ్లు నెట్టేయండి. పైన మైక్రో సోల్ (డెకాల్‌ను మెత్తబరిచే ద్రవం). ఇది వేయగానే డెకాల్ ముడతలు పడి పాడైపోయినట్టు కనబడుతుంది. చెయ్యి పెట్టకండి. ఆరేలోగా తనే చదునై ప్యానెల్ గీతల్లోకి దిగుతుంది. ఆరాక బుడగ మిగిలితే సన్న సూదితో పొడిచి మళ్లీ ఒక చుక్క. ఎండాకాలంలో ఫ్యాన్ ఆపి ఈ పని చేయండి.

మన చక్రం గుర్తు అందరికీ తెలుసు: బయట కాషాయం, నడుమ తెలుపు, మధ్యలో ఆకుపచ్చ. తోక మీది మూడు పట్టీల వరుస మాత్రం గుర్తున్నట్టు వేయకుండా ఫొటో చూసి వేయండి. పాత షీటు పసుపెక్కి ఉంటే జిప్ కవర్లో పెట్టి ఎండ పడే కిటికీ అద్దానికి అంటించి కొన్నాళ్లు ఉంచండి, తెల్లబడుతుంది.

డెకాళ్ల మీద మళ్లీ ఒక గ్లాస్ పూత, దాని మీద ప్యానెల్ గీతలకు ఎనామిల్ వాష్. అరగంట ఆగి, గాలి వీచే దిశలో, అంటే ముక్కు నుంచి తోకకు తుడవండి. గీతలన్నీ కాటుక దిద్దినట్టు నల్లగా కనబడితే ఎక్కువైనట్టే. బూడిద రంగు విమానానికి ముదురు బూడిద, ఆకుపచ్చకు ముదురు గోధుమ. చివర్లో మ్యాట్ వార్నిష్, అది కూడా పొడి రోజునే.

మిగ్ ముక్కు ముందు పొడుచుకొచ్చే పిటో గొట్టం (వేగం కొలిచే సన్న గొట్టం) కిట్‌లో లావుగా ఉంటుంది, పైగా మొదట విరిగేది అదే. 30 గేజీ సూది 23 గేజీ సూది లోపల సరిగ్గా పడుతుంది, రెండూ కలిపితే మెట్టుగా సన్నబడే గొట్టం వస్తుంది. సూదిని బ్లేడు కింద దొర్లించి గాడి పెట్టి విరవాలి, మొన ముందే అరగదీయాలి. కానీ మార్పుల్లేని కిట్ల విభాగంలో పెట్టేటట్టయితే ఇది చెయ్యొద్దు.

మీరే జడ్జి అయి చూడండి

పోటీకి వారం ముందు రాత్రి గదిలో దీపాలన్నీ ఆపి, ఫోన్ టార్చిని రెక్కకు దాదాపు సమాంతరంగా పట్టండి. పగటి వెలుతురులో కనిపించని అతుకంతా నీడ గీతగా లేస్తుంది. ఈ వరుసలో పోండి: వీపు గీత, పొట్ట గీత, రెక్క మొదళ్లు, గాజు చుట్టూ జిగురు మరకలు, డెకాల్ అంచులు, చక్రాల గుంతలు, చక్రాలు నేల మీద ఆని ఉన్నాయా, ఇంజను గొట్టం లోపల అతుకు కనబడుతోందా. ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే కన్ను వదిలేసింది కూడా దొరుకుతుంది. ఒక వారం వ్యవధి ఎందుకంటే, దొరికిన తప్పు సరిచేసి ఆరబెట్టుకోవాలి కదా.

విభాగం, ఫారం, ప్రయాణం

జడ్జింగు రెండు రకాలు. ఒకదాంట్లో మోడళ్లను ఒకదానితో ఒకటి పోల్చి ఒకటి, రెండు, మూడు స్థానాలు ఇస్తారు. ఐపీఎంఎస్ (ప్లాస్టిక్ మోడళ్లు కట్టేవాళ్ల అంతర్జాతీయ సంఘం) అమెరికా శాఖ జాతీయ పోటీలు ఈ పద్ధతిలోనే పేరు పొందాయి. ఇక్కడ మీ అదృష్టం పక్కన ఏ మోడల్ ఉందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. ఇంకోదాంట్లో ప్రతి మోడల్‌ను ఒక ప్రమాణంతో కొలిచి బంగారు, వెండి, కంచు పతకాలు ఇస్తారు, అర్హత ఉంటే పదిమందికైనా బంగారం రావచ్చు. రెండింట్లోనూ ముందు చూసేది పనితనం. రంగు నీడ అసలుకు సరిగ్గా సరిపోయిందా అన్న వాదన ఆ తర్వాతే.

విభాగాలు స్కేలునీ, విమానం రకాన్నీ బట్టి విడగొడతారు. మార్పుల్లేకుండా కిట్‌లో ఉన్నది ఉన్నట్టు కట్టిన మోడళ్లకు వేరే విభాగం ఉంటే మొదటిసారి అందులోనే పెట్టండి. సాధారణంగా అక్కడ లప్పం పెట్టడం, ఫిరంగి గొట్టానికి రంధ్రం చేయడం, టేపు బెల్టులు, యాంటెన్నా తీగ ఒప్పుకుంటారు, బయట కొన్న రెజిన్ భాగాలు ఒప్పుకోరు. కిట్ సూచనల కాగితం అడుగుతారు, పారేయకండి. నియమాలు పోటీకో రకం, ఫారం నింపే ముందు వాళ్ల కాగితం పూర్తిగా చదవండి. ఫారంలో కిట్ పేరు, స్కేలు, మీరు అదనంగా చేసిన పని రెండు మూడు ముక్కల్లో రాస్తే చాలు. అసలు విమానంలోనే వింతగా ఉన్నదేదైనా ఉంటే, అంటే ఒక వైపు తలుపు వేరే రంగులో ఉండటం లాంటిది, ఆ ఫొటో పక్కన పెట్టండి. లేకపోతే అది మీ తప్పు కింద జమ.

మోడల్‌ను పీఠానికి అంటించవద్దు. కింది భాగం చూడాలనుకున్న జడ్జికి అద్దం పెట్టే సందు ఉండాలి.

పోటీ చెన్నైలో అయితే ఒంగోలు, నెల్లూరు నుంచి పినాకిని రైలు ఎక్కితే సరిపోతుంది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో స్పాంజి దిమ్మెలు కోసి, రెక్క మొదళ్ల దగ్గర, ఒంటి కింద ఊతం ఇవ్వండి. బరువు చక్రాల మీద పడకూడదు, పిటో గొట్టానికి ఏదీ తగలకూడదు. వీలైతే పిటో గొట్టం, మిస్సైళ్లు అంటించకుండా గుచ్చి ఉంచుకుని, అక్కడికి వెళ్లాక పెట్టండి. డబ్బా ఒళ్లో ఉండాలి, పైన సామాన్ల అరలో కాదు. కారులో వెళ్తే భోజనానికి ఆగినప్పుడు డబ్బాను ఎండలో కారులో వదలకండి, రెక్క వంగిపోతుంది. థిన్నర్, సన్నటి జిగురు లాంటి మండే ద్రవాలు రైల్లో తీసుకెళ్లకూడదు. బాగుచేసే సంచిలో ఫెవికాల్, పట్టకారు, పంటిపుల్లలు, మీరు వాడిన రంగు చిన్న సీసాలో కొంచెం, దుమ్ము దులిపే మెత్తటి బ్రష్ ఉంటే చాలు.

బల్ల మీద పెట్టాక చివరిసారి బ్రష్‌తో దుమ్ము దులిపి, ఎదురుగా వంగి రెండు రెక్కల ఎత్తు చూసుకుని పక్కకు తప్పుకోండి. జడ్జింగు జరిగేటప్పుడు దగ్గర నిలబడి వివరించబోతే చాలాచోట్ల ఒప్పుకోరు. ఫలితాలు చెప్పాక జడ్జిని వెతికి పట్టుకుని, ఎక్కడ గీత పడిందని అడగండి. బహుమతి ఎందుకు రాలేదని అడిగితే మొహమాటపడి తప్పించుకుంటారు. ఏ తప్పు కనబడిందని అడిగితే టార్చి వెలిగించి చూపిస్తారు. చూపించిన చోటు ఫోన్‌లో ఫొటో తీసుకుని, అప్పుడు సర్దుకోండి.